నిలబడి చదివిన మనిషి

పోయిన మంగళవారం పేపరు జిల్లా పేజీలో ఆయన ఫోటో వేశారు. చీరల దుకాణం ప్రకటన కింద, కరెంటు కోత వేళల పక్కన. టై కట్టుకున్న ఫోటో. కింద పది లైన్ల వార్త. మొదటి వాక్యంలోనే మృదుభాషి, స్నేహశీలి, అందరి మన్ననలు పొందిన వ్యక్తి అని మూడు విశేషణాలు. పాత్రికేయుడిగా మొదలై ప్రజాసంబంధాల రంగంలో తనదైన ముద్ర వేశారని రెండో వాక్యం. మిగిలినదంతా సంతాపం తెలిపినవాళ్ళ పేర్లు, వాళ్ళ హోదాలు. ఆయన ఆఖరున పనిచేసిన ఆసుపత్రివాళ్ళు పంపిన ప్రెస్‌నోటు అది. కామా కూడా మార్చకుండా వేసేశారు. చదువుతుంటేనే తెలిసిపోతుంది. అలా కనిపెట్టడం నాకు నేర్పింది ఆయనే.

విశేషణమంటే ఆయనకు చీదర. ఒకసారి నేను ఏదో వారపత్రికకు పంపబోతున్న వ్యాసం చూపిస్తే జేబులోంచి పెన్ను తీసి, మూత పళ్ళ మధ్య పెట్టుకుని, "ఇక్కడ 'ఘోరమైన' అని రాశారు, కొట్టెయ్యండి" అన్నాడు.

"ఘోరమే కదండీ జరిగింది."

"జరిగింది రాయండి చాలు. ఘోరమో కాదో చదివేవాడు చూసుకుంటాడు. ఆ పని కూడా మీరే చేసేస్తే ఇంక వాడెందుకండీ?"

అలాంటి మనిషి పోయాడన్న వార్తలో మూడు విశేషణాలు. బతికుంటే పెన్ను తీసి మూత పళ్ళ మధ్య పెట్టుకునేవాడు. లేదంటే, ఆఖరి ఏళ్ళ ఉద్యోగం అలవాటు కొద్దీ నాలుగోది కలిపేవాడేమో. నాకు తెలియదు. ఆయన గురించి నాకు తెలియనిదల్లా అదే.

ఆయన పేరు రాయడం లేదు. భార్యా కూతురూ ఈ జిల్లాలోనే ఉన్నారు.

మా ఊరు భీమవరానికి దిగువన, కాలువకు శివారున ఉంటుంది. ఊళ్ళో మా ఇంటిని ఇప్పటికీ మేడ అనే అంటారు. మేడ అనడానికి మెట్లు తప్ప పెద్దగా ఏమీ మిగల్లేదు. ముందు హాలు ఎరువుల కొట్టుకు అద్దెకిచ్చాం. మా ఇంటికి వచ్చేవాళ్ళు యూరియా బస్తాల మధ్యనుంచి నడిచి రావాలి. జాలి కోసం చెప్పడం లేదు, జాలి మా ఇంట్లో ఎవరికీ పడదు. ఆయన మొదటిసారి ఎక్కడ నిలబడ్డాడో, రెండోసారి ఎక్కడ కూర్చున్నాడో మీకు తెలియాలి, అందుకు చెబుతున్నాను.

మా వైపు బావి తవ్వితే ఉప్పునీళ్ళు పడతాయి. అందుకని మా ముత్తాత తన పొలంలో నాలుగెకరాలు తవ్వించి ఊరికి మంచినీళ్ళ చెరువు ఇచ్చాడు. ఏటా వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఆ చెరువు నింపుకోవాలి. మళ్ళీ నీళ్ళు వదిలేదాకా ఊరంతా తాగేది అవే. మా కుటుంబానికి పేరంటూ ఏదైనా ఉంటే అది ఆ నీళ్ళలోనే ఉంది.

తొంభైల మొదట్లో ఒక ఉదయం ఆయన సైకిలు మీద వచ్చాడు. హాలు అప్పటికింకా మాదే. నాన్నగారు పడక్కుర్చీలో ఉన్నారు. సన్నగా, నల్లగా, చొక్కా భుజాల దగ్గర ఎండకు వెలిసిపోయిన మనిషి. చేతికి గుడ్డ సంచీ. ఫలానా పేపరుకు ఊళ్ళ వార్తలు పంపే కంట్రిబ్యూటరునని చెప్పుకున్నాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. అమ్మ కాఫీ పంపితే తీసుకోలేదు.

"తర్వాతండి. చదివాక కూడా ఇవ్వాలనిపిస్తే తాగుతాను."

"ఏంటయ్యా చదివేది?" అన్నారు నాన్నగారు.

"రేపటి వార్తండి. మీ మీదే."

అది ఆయన పద్ధతి. ఎవరి మీద రాశాడో వాళ్ళ ఇంటికి వెళ్ళి, ఎదురుగా నిలబడి, రాసిందంతా గట్టిగా చదివేవాడు. ఆ తర్వాత, "మీ మాట చెప్పండి. చెప్పింది చెప్పినట్టు వేస్తాను" అనేవాడు. ఆ మాట వార్త చివర చేర్చి, అప్పుడు కవరు పేపరాఫీసుకు చేర్చే బస్సుకి ఇచ్చేవాడు. మిగతా విలేకరులు నవ్వుకునేవాళ్ళు. ఆయన పట్టించుకునేవాడు కాదు. చాటున రాసేవాడు పిరికివాడని, చదివేటప్పుడు కూర్చుంటే గొంతు మెత్తబడిపోతుందని చెప్పేవాడు.

ఆ రోజు మా హాల్లో నిలబడి చదివాడు. మేడవారు మంచినీళ్ళ చెరువును చాటుగా చేపల పెంపకానికి ఇచ్చారు. వారానికి రెండు బళ్ళ కోళ్ళపెంట మేతగా చెరువులో పడుతోంది. ఆ నీళ్ళే ఊరు తాగుతోంది. ఇచ్చినవారి మనవడే ఇలా చేశారని ఊళ్ళో అనుకుంటున్నారు. విశేషణం ఒక్కటి లేదు.

నాన్నగారు మాట్లాడలేదు.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. తాతగారి రోజుల్లో అర్జీలతో వచ్చినవాళ్ళకు ఆయన కాదని ఎప్పుడూ చెప్పేవారు కాదట. కాదనేది ఉంటే ఊరుకునేవారు. వచ్చినవాళ్ళు కాసేపు నిలబడి, అర్థం చేసుకుని, దణ్ణం పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. నోటితో కాదనడం ఎదుటివాణ్ణి తనతో సమానం చేసుకోవడమని మావాళ్ళ లెక్క. మేడలో మాట రాలేదంటే కాదన్నట్టే. ఊరందరికీ తెలుసు.

కానీ ఈయన కదలడే. కాగితం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నాకే ఉక్కగా అనిపించి, "మా ఇంట్లో మాట్లాడలేదంటే కాదనే అర్థమండీ. ఇంక మీరు వెళ్ళొచ్చు" అన్నాను.

ఆయన నావైపు తిరిగి, మర్యాదగానే, "అది మీ ఇంట్లోనండి. పేపర్లో మౌనం వెయ్యడానికి అక్షరాలు లేవు. కాదంటే కాదనమనండి, వేస్తాను. అవునంటే అవునని వేస్తాను" అన్నాడు.

నాన్నగారు పడక్కుర్చీలోంచి లేచారు. నేను కొడతారేమో అనుకున్నాను. ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడి, "రాసుకో. నిజమే. ఇల్లు గడవక ఇచ్చాను. తప్పు. వారంలో చేపలు ఎత్తించేస్తాను. అది కూడా రాసుకో" అన్నారు.

ఆయన గోడకు కాగితం ఆనించి రాసుకున్నాడు. రాసింది మళ్ళీ చదివి వినిపించాడు. అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుని, "కాఫీ ఉందాండీ?" అన్నాడు. అమ్మ ఇచ్చింది. అదే గ్లాసులో, చల్లారిపోయింది. తాగి వెళ్ళిపోయాడు.

మర్నాడు వచ్చింది. మేడ పరువు పోయింది. నాన్నగారి మాట మాత్రం పొల్లు పోకుండా చివరి నాలుగు లైన్లలో ఉంది. ఊరంతా మా పరువు పోయిన సంగతి కాదు, ఆ నాలుగు లైన్లు చెప్పుకుంది. వారంలో వలలు వేశారు, చేపలు పోయాయి, చెరువు తేరుకుంది. నాన్నగారు ఆ కటింగు కత్తిరించి తన పెట్టెలో పెట్టుకున్నారు. మమ్మల్ని బజారుకీడ్చిన కాగితాన్ని ఆయన అంత భద్రంగా ఎందుకు దాచుకున్నారో నాకు అప్పుడు తెలియలేదు.

తర్వాత ఆయన మా ఇంటికి వస్తూ పోతూ ఉండేవాడు. మా ఊరు ఆయన తిరిగే దారిలో ఉంది. నాకు ఆయనంటే ఇష్టం ఏర్పడిందని ఒప్పుకోవడానికి ఇబ్బందిగా ఉంది, కానీ ఏర్పడింది. ఊరంతా నన్ను 'బాబుగారూ' అంటారు. ఆయన ఎప్పుడూ అనలేదు. 'ఏమండీ' అనేవాడు, చాకలి సూరయ్యను ఎలా అనేవాడో అలాగే. మొదట్లో నాకు గుచ్చుకునేది.

ఆయనకు కొన్ని చేష్టలుండేవి. సంచీలో చిన్నపిల్లల స్కేలు ఉండేది. నెలాఖరున తన వార్తలన్నీ తెల్లకాగితం మీద అంటించి, ఎన్ని అంగుళాలు వచ్చాయో కొలిచి పేపరుకు పంపాలి. దాన్నిబట్టి ఏదో ఇచ్చేవాళ్ళు. లైన్ అకౌంటు అనేవాళ్ళు దాన్ని. "మీకు ఎకరాలు కరిగిపోయాయని దిగులు, నాకు అంగుళాలు పెరగలేదని దిగులు. మనిద్దరం భూమి మనుషులమేనండి" అని నవ్వేవాడు. మా ఎకరాల మీద ఇంకెవరైనా హాస్యమాడితే నేను మళ్ళీ గడప తొక్కనిచ్చేవాణ్ణి కాదు.

ఒకసారి రేషను డీలరు మీద రాసి, వాళ్ళింటికెళ్ళి వీధి అరుగు ముందు నిలబడి చదువుతుంటే డీలరు భార్య కుడితి నీళ్ళు తెచ్చి నెత్తిన పోసింది. తడి చొక్కాతోనే చివరిదాకా చదివాడట. మర్నాడు వార్త చివర, 'ఈ విషయమై డీలరును వివరణ కోరగా ఆయన భార్య కుడితి నీళ్ళు పోశారు' అని వచ్చింది. నేను పగలబడి నవ్వితే, "నవ్వుతారేంటండీ, అది ఆవిడ మాట. చెప్పింది చెప్పినట్టు వెయ్యాలి కదా" అన్నాడు. ఆయన నవ్వలేదు.

ఆ తర్వాత రొయ్యలు వచ్చాయి. మా చుట్టూ వరిచేలు ఒక్కొక్కటే చెరువులైపోయాయి. గట్టు మీద నిలబడితే ఎటు చూసినా నీళ్ళను చిలికే చక్రాలు. ఒక మేత కంపెనీ ఉండేది. మేత అమ్మడమే కాక సొంత చెరువులూ తవ్వింది. వాడేసిన ఉప్పునీళ్ళు పంటకాలువలోకి వదిలేది. ఆయన నెలరోజులు సైకిలు మీద తిరిగి ఆ సంగతి రాశాడు. అలవాటు ప్రకారం కంపెనీ ఆఫీసుకెళ్ళి యజమాని ముందు నిలబడి చదివాడు.

ఏమన్నాడని అడిగాను.

"చాలా బాగా చదివారండి అన్నాడు" అని చెప్పి ఆయన సైకిలు ఎక్కాడు.

ఆ వార్త రాలేదు. ఆ వారంలోనే పేపరు వార్షికోత్సవం. కంపెనీ పూర్తి పేజీ ప్రకటన వచ్చింది, రంగుల్లో. అంతటితో అయిపోతే ఎలాగో సర్దుకునేవాడు. పంద్రాగస్టుకు మళ్ళీ అదే కంపెనీ దగ్గర ఇంకో ప్రకటన పట్టుకురమ్మని డెస్కు నుంచి ఫోనొచ్చింది. ఎవరికని? ఆయనకే. కంట్రిబ్యూటర్లందరూ ఏటా తేవాల్సిందే. తేకపోతే వార్తలు చెత్తబుట్టలోకి.

"వెళ్ళారా?"

"వెళ్ళానండి. నిలబడే అడిగాను. ఆయన కూర్చోమన్నాడు" అని ఆగి, "కూర్చున్నాను" అన్నాడు.

ఇంకో ఆరునెలలకు ఆయన ఆ కంపెనీలో పీఆర్వోగా చేరాడు. నాన్నగారు అప్పటికి పోయారు. నేను కబురు విని ఇంట్లోంచి కదల్లేదు. ఆయనే ఎరువుల కొట్టు దగ్గరికి వచ్చి, నన్ను బయటికి పిలిపించి చెప్పాడు. కూతురికి ఇంటర్ అయిపోయిందట. నెలనెలా జీతమట. నేను ఏదో అనబోయేలోపే, "నన్ను పీఆర్వోని చేసింది కంపెనీ కాదండీ, పేపరే. ప్రకటన కోసం పంపిన రోజునే చేసేసింది. కంపెనీ జీతమిచ్చింది, అంతే" అన్నాడు.

ఆయన తరఫున చెప్పుకోవాల్సింది అంతా ఆ ఒక్కమాటలోనే ఉంది. దాన్ని ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే తర్వాత చెప్పేది ఆయన తరఫున ఉండదు.

రెండేళ్ళ తర్వాత కంపెనీ మా మంచినీళ్ళ చెరువు వెనక నలభై ఎకరాలు కొంది. అక్కడ చెరువులు తవ్వి, వాడిన నీళ్ళను మా చెరువు గట్టు పక్కనుంచి గొట్టం వేసి మురుగుకాలువకు పంపాలని ప్లాను. ఆ గట్టు పక్క పొలాలు ముగ్గురివి. అందులో మూడెకరాలు నావి, మా వంశానికి మిగిలినవి. పక్క రైతులకు అభ్యంతరం లేకపోతే అనుమతిస్తానని, ఉంటే పదిహేను రోజుల్లో చెప్పాలని డివిజను అధికారి అన్నాడు. గొట్టం చితికినా, గట్టు చెమ్మగిల్లినా ఉప్పు మా చెరువులోకి దిగుతుంది. ఊరికి తెలుసు. మిగతా ఇద్దరూ కంపెనీ దగ్గర మేత తీసుకునేవాళ్ళు, వాళ్ళు నోరెత్తలేరు. ఊరంతా నామీదే ఆశ పెట్టుకుంది. "మేడ ఉందిలే" అని చెరువు మెట్ల దగ్గర ఆడవాళ్ళు అనుకోవడం నా చెవినే పడింది. చాలా ఏళ్ళ తర్వాత విన్నానేమో, ఆ మాటకు నా వెన్ను నిటారైంది.

ఒక మధ్యాహ్నం కంపెనీ కారు ఎరువుల కొట్టు ముందు ఆగింది. ఆయన దిగాడు. ఒళ్ళు చేశాడు. నీలం చొక్కా, మెరిసే బూట్లు, చేతిలో స్వీటు డబ్బా. బస్తాల మధ్యనుంచి బూట్లు చూసుకుంటూ నడిచి వెనక వరండాలోకి వచ్చాడు. నేను లేవలేదు. ఆయన నేను చెప్పకుండానే కుర్చీలో కూర్చున్నాడు.

"బాగున్నారా బాబుగారూ?" అన్నాడు.

మొదటిసారి. పదేళ్ళ పరిచయంలో మొదటిసారి బాబుగారూ అన్నాడు. నా చెవికి అది తియ్యగా తగిలింది. ఇది రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది కాబట్టి రాస్తున్నాను. ఆ తీపి తగిలిన మరుక్షణంలోనే ఒళ్ళంతా మండింది.

మా ఆవిడ కాఫీ తెచ్చింది. ఆయన వెంటనే అందుకుని తాగాడు. తాగుతూ మా చెరువు గొప్పతనం, మా ముత్తాత దాతృత్వం, కంపెనీకి మా కుటుంబం మీద ఉన్న గౌరవం మాట్లాడాడు. విశేషణాలు వానలా పడుతున్నాయి. తర్వాత గ్లాసు కింద పెట్టి లోపలి జేబులోంచి కాగితం తీశాడు.

"ప్రెస్‌నోటండి. ఎల్లుండి అన్ని పేపర్లకూ వెళ్తుంది. మీకు చదివి వినిపించాక పంపుదామని. నా పద్ధతి మీకు తెలుసు కదా."

కూర్చునే చదివాడు. గొంతు నిజంగానే మెత్తగా ఉంది. అధునాతన పద్ధతుల్లో, పర్యావరణానికి హాని లేకుండా, స్థానికులకు ఉపాధి కల్పిస్తూ అని ఏవేవో ఉన్నాయి. చివర్లో, 'చెరువు పరిసర రైతులెవరూ అభ్యంతరం వ్యక్తం చేయలేదు' అని ఉంది. అక్కడ ఆగి తలెత్తాడు.

"మీ మాట చెప్పండి" అన్నాడు.

నేను మాట్లాడలేదు.

ఎందుకు మాట్లాడలేదో ఈ పదేళ్ళలో ఎన్నోసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నాను. ఆయన కుర్చీలో కూర్చున్నందుకు. బాబుగారూ అన్నందుకు. రొయ్యల మేత కంపెనీ నౌకరు వచ్చి ఊఁ అనమంటే నేను ఊఁహూఁ అని జవాబు చెప్పుకోవాలా అనుకున్నందుకు. మా తాతగారిలా గోడ మీది గడియారం చూస్తూ కూర్చున్నాను. నా మౌనం ఎవరికి అర్థం కాకపోయినా ఆ మనిషికి అర్థమవుతుంది. మా హాల్లో, నా నోటితోనే, నేను ఆయనకు నేర్పిన పాఠం అది. కాదన్నాను. అంతకన్నా గట్టిగా మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ కాదనలేదు.

ఆయన చాలాసేపు కాగితం పట్టుకుని ఉన్నాడు. "బాబుగారూ?" అన్నాడు ఇంకోసారి. తర్వాత కాగితం మడిచి లోపలి జేబులో పెట్టుకుని, స్వీటు డబ్బా బల్ల మీద వదిలేసి వెళ్ళిపోయాడు. నేను ఆ డబ్బా కొట్టువాళ్ళకు ఇచ్చేశాను. గెలిచాననుకున్నాను. ఆ సాయంత్రం చెరువు వైపు నడిచి వెళ్ళి, అడిగినవాళ్ళందరికీ, "పంపించేశాను" అని చెప్పాను.

మూడోరోజు అన్ని పేపర్లలోనూ వచ్చింది. కామా మారలేదు. 'రైతులెవరూ అభ్యంతరం వ్యక్తం చేయలేదు' దగ్గర ఒక్క ముక్క మాత్రం కొత్తగా చేరింది. 'మేడవారి కుటుంబీకులతో సహా.' మౌనం వెయ్యడానికి ఆయనకు అక్షరాలు దొరికాయి.

నేను నాలుగు పేపర్లకూ ఖండన రాసి రిజిస్టరు పోస్టులో పంపాను. ఒక్కరూ వెయ్యలేదు. ఒక పేపరు ఆఫీసుకి ఫోను చేస్తే, "అది కంపెనీ ప్రెస్‌నోటండి, వాళ్ళనే అడగండి" అన్నారు. ఖండన పడుతుందని చూసి చూసి, గడువు దాటిన మర్నాడు అధికారి దగ్గరికి వెళ్ళాను. మా కుటుంబంలో ఆఫీసు గుమ్మం బయట బెంచీ మీద కూర్చున్న మొదటివాణ్ణి నేనే. అధికారి ఫైల్లోంచి పేపరు కటింగు తీసి నా ముందు పెట్టాడు.

"ఇది వచ్చి పది రోజులైందండి. ఖండన కూడా రాలేదే?"

"రాసి పంపానండి. వెయ్యలేదు."

"పోనీ, మీ ఇంటికొచ్చి అడిగారటగా. అప్పుడేమన్నారు?"

ఏం చెప్పాలి? మా ఇంట్లో ఊరుకున్నామంటే కాదని అర్థమని ఆ అధికారికి చెప్పాలా? చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి నావైపు చూశాడు. నవ్వలేదు, ఆ మేరకు మంచివాడు. "అలాంటివి ఫైల్లో రాయలేమండి" అన్నాడు.

గొట్టం వేశారు. రెండు వర్షాకాలాలు ఏమీ కాలేదు. మూడో వేసవిలో గట్టు చెమ్మగిల్లింది. చెరువు నీళ్ళలో ముందు తియ్యదనం తగ్గింది, తర్వాత నాలిక మీద ఉప్పు తేలింది. ఇప్పుడు మా ఊరికి ఆటోలో నీళ్ళ టిన్నులు వస్తాయి. మా మూడెకరాలు కూడా చౌడుబారాయి, అది నా సొంత గొడవ. నూకాలమ్మ అని, మా ఇంట్లో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి ఒకరోజు టిన్ను నెత్తిన పెట్టుకుని ఎదురైంది. ఆగి, టిన్ను దించకుండానే అంది.

"మీ నాన్నగారు చెరువులో కోళ్ళపెంట ఏయించేరు బాబూ. ఏయించినా, అడిగినప్పుడు నోరిప్పి తప్పన్నారు. ఆ యేడే మళ్ళీ తియ్యటి నీళ్ళు తాగేం. మీరు ఏ తప్పూ చెయ్యలేదు. నోరిప్పితే ముత్యాలు రాలిపోతాయని ఊరుకున్నారు, అంతే."

నాన్నగారు ఆ కటింగు పెట్టెలో ఎందుకు దాచుకున్నారో ఆ రోజు తెలిసింది.

ఆయన్ని ఆఖరున చూసింది రాజమండ్రిలో, నిరుడు. కంటి పరీక్షకని ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్ళాను. మేత కంపెనీ రొయ్యలకు తెగులొచ్చి మూతబడ్డాక ఆయన ఆ ఆసుపత్రిలో పీఆర్వోగా చేరాడని నాకు తెలియదు. వరసలో కూర్చుని ఉంటే వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. టై కట్టుకున్నాడు. మళ్ళీ చిక్కిపోయాడు, కంపెనీ ఒళ్ళంతా కరిగిపోయింది. చక్కెర జబ్బట.

"మీకు టోకెనెందుకండీ? రండి, లోపలికి తీసుకెళ్తాను."

"అక్కర్లేదు. నా వంతు వచ్చినప్పుడు వెళ్తాను."

పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన కూర్చోలేదు. ఎవరూ అడగకుండానే, "ఆ రోజు మీరు ఒక్కమాట అని ఉంటే వేసేవాణ్ణండి. కాదు అని ఒక్కమాట. ఆ నోట్లోనే వేసి, నాలుగు పేపర్లకూ పంపేవాణ్ణి. ఉద్యోగం పోయినా సరే" అన్నాడు.

"మా ఇంట్లో మౌనమంటే ఏంటో మీకు తెలుసు."

"తెలుసండి. మిగతా ఇద్దరి దగ్గరికీ మా మేనేజరు వెళ్ళాడు. మీ ఇల్లు మాత్రం నేనే అడిగి తీసుకున్నాను."

నేను తలెత్తి చూశాను. ఆ ముఖంలో ఏమీ కనిపించలేదు. నేను మాట్లాడనని తెలిసి, పని సులువవుతుందని మా ఇల్లు అడిగి తీసుకున్నాడా? లేక నాన్నగారి కొడుకుని కాబట్టి ఈసారి కూడా లేచి నిలబడి ఒకమాట అంటానని, ఆ మాటను పట్టుకుని తను బయటపడాలని వచ్చాడా? ఆ 'బాబుగారూ?' అన్న రెండో పిలుపు బతిమాలడమా? అడగొచ్చు. ఎదురుగా నిలబడే ఉన్నాడు. నేను అడగలేదు. నా నంబరు పిలిచారు. లేచి వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి ఆయన ఎవరో నాయకుడికి పూలగుత్తి అందిస్తూ ఫోటోకు సర్దుకుంటున్నాడు.

ఇది అంతా రాయడం అయ్యాక నిన్న పొద్దున ఒక పని చేశాను. ఎరువుల కొట్టు ఇంకా తెరవలేదు. బస్తాల మధ్య, అప్పట్లో నాన్నగారి పడక్కుర్చీ ఉండే చోటికి ఎదురుగా నిలబడి, రాసినదంతా మొదటినుంచి చివరిదాకా గట్టిగా చదివాను. ఎవరి మీద రాశామో వాళ్ళ ముందు చదవాలన్నది ఆయన పద్ధతి, ఆయనకు ఇంతకుమించి దగ్గరగా వెళ్ళే దారి నాకు లేదు. చదివాక, మీ మాట చెప్పండి అన్నాను. చాలాసేపు నిలబడ్డాను. కొట్టువాళ్ళు తాళం తీసే చప్పుడయ్యేదాకా.

ఆ మౌనాన్ని అవునని రాయను, కాదని కూడా రాయను. ఆయన మాట ఇందులో లేదు. ఉండాల్సిన నాలుగు లైన్ల చోటు కింద ఖాళీగా వదలమని, దీన్ని పంపుతున్న వారపత్రిక సంపాదకుణ్ణి అడిగాను.

వదలరు. అక్కడ ఏదో ప్రకటన వేస్తారు.